జాసిం కోసం ఎంచిన అద్దం

మామా పోయిందని ఆమె కూతురు హుదా ఫోన్ చేసినప్పుడు నేను అమ్వాజ్‌లో ఎవరిదో ఫ్లాటులో వంటింటి గట్టు తుడుస్తున్నాను. తడిగుడ్డ చేతిలో ఉండగానే అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చుండిపోయాను. గల్ఫులో ఇంటిపనికి వచ్చిన మాలాంటివాళ్ళం ఇంటి యజమానిని బాబా అంటాం, ఇల్లాలిని మామా అంటాం. ఆ తర్వాత ఎన్ని ఇళ్ళు మారినా, ఎందరిని ఆ పేర్లతో పిలిచినా, నా మనసులో మామా అంటే ముహర్రక్ ఇంటి మామా ఒక్కతే. మర్నాడు సాయంత్రం పరామర్శకి వెళ్ళాను. ఆడవాళ్ళ గదిలో గోడవారగా తివాచీలు పరిచి ఉన్నాయి. యాలకులు వేసిన గహ్వా కాఫీ వాసన, ఊదు పొగ, అత్తరు, మూలనున్న ముసలమ్మల దగ్గర పసుపూ కాని గంధమూ కాని ఏదో పాత బట్టల వాసన. ఒక చిన్నపిల్ల నన్ను చూసి ఎవరీమె అని అడిగితే హుదా కళ్ళు తుడుచుకుంటూ, "మా సత్య. జాసిం ఉన్నప్పటి సత్య" అంది. ఆ ఇంట్లో కాలానికి రెండే భాగాలు. జాసిం ఉన్నప్పుడు, జాసిం పోయాక. నేను ఆ రెండింటికీ మధ్య గుమ్మంలా నిలబడిన మనిషిని. అందుకే నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాయకుండా తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు జాసిం, బాబా, మామా ముగ్గురూ లేరు కాబట్టి రాస్తున్నాను.

రాజోలు దగ్గర లంక ఊరి నుంచి నేను బహ్రెయిన్ వచ్చేనాటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. వచ్చిన కొత్తలో నన్ను బాధపెట్టింది ఎండ కాదు, నీళ్ళు. చుట్టూ సముద్రం ఉండీ ఒక్క కాలవ లేని నేల. గోదారి పాయ పక్కన పుట్టినదాన్ని, పొద్దున్నే పారే నీటి చప్పుడు లేకపోతే చెవులు మూసుకుపోయినట్టుండేది. ముహర్రక్ పాత వీధుల్లో ఆ ఇల్లు రెండంతస్తులది. కింద వంటిల్లు, మజ్లిస్ అనే మగవాళ్ళు కూర్చునే గది, పైన పడకగదులు, ఆపైన డాబా. బాబా సిత్రా జెట్టీలో టగ్గు బోటు నడిపి పింఛను తీసుకున్నవాడు. పెద్ద ఓడల్ని రేవుకి లాక్కొచ్చే పని అది. ఎంత దూరాన ఉన్న ఓడనైనా పొగగొట్టం రంగు చూసి ఎవరిదో చెప్పేవాణ్ణని, తన కళ్ళకి రేవంతా దండం పెట్టేదని ఆయన చెప్పుకునేవాడు. కూతురు హుదా పెళ్ళై వేరే ఉండేది. కొడుకు జాసింకి సఖీర్‌లో ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు. ఇంటికొస్తూ దారిలో ఏదో ఒక తినుబండారం తెచ్చి, మొదట నాకు పెట్టి, "విషం కలవలేదని నువ్వు చెబితే అప్పుడు మా అమ్మకి ఇస్తాను" అని నవ్వేవాడు. వాళ్ళు నాతో మాట్లాడింది సగం అరబీ, సగం హిందీ. నేను ఇక్కడ రాస్తున్నది నా చెవిలో స్థిరపడిన తెలుగు.

ఆ ఇంటి పొద్దు గహ్వాతో మొదలయ్యేది. తెల్లవారుజాము నమాజు నుంచి బాబా వచ్చేసరికి దల్లా అనే ఇత్తడి కూజా పొయ్యి మీద ఉండాలి. ఖర్జూరాలు ఆయన ఎప్పుడూ బేసి సంఖ్యలోనే తీసుకునేవాడు. మామా వంటింట్లో చిన్న పీట వేసుకుని ఎండు నిమ్మకాయలు రోకలితో చితక్కొట్టేది. నల్లగా, గవ్వల్లా ఎండిన ఆ కాయలు పగిలినప్పుడు వచ్చే పుల్లటి చేదు వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఆమె మోకాళ్ళు, ముంజేతి మీద మాసిన గోరింటా కనపడతాయి. చేపలు తాను స్వయంగా కడిగేది. "నువ్వు నది చేపలదానివి, సముద్రం చేప నీ మాట వినదు" అనేది. మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయేది. సాయంత్రం బాబా డాబా ఎక్కి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పడవలు కట్టే యార్డు వైపూ దాని వెనక సముద్రం వైపూ చూస్తూ తస్బీహ్ పూసలు తిప్పుకునేవాడు. మాట్లాడకుండా అంతసేపు చూడగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం వేట. ఏటా చలికాలంలో జాసింని వెంటబెట్టుకుని, విమానమెక్కి, ఎక్కడో మంచుకొండల దేశానికి వెళ్ళేవాడు. అక్కడ అనుమతి కాగితం తీసుకుంటే కొండమేకని వేటాడనిస్తారు. తుపాకీ అక్కడి దారి చూపే మనిషి దగ్గరే ఉండేది. దాని మీద బిగించే దుర్భిణి మాత్రం బాబా సొంతం. దాన్ని ఇంటికి తెచ్చుకుని, మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువా పై అరలో పెట్టుకునేవాడు. నేను ఆ ఇంట్లో చేరిన మొదటి చలికాలం వాళ్ళిద్దరూ వెళ్ళి, అనుకున్నదానికన్నా ముందే తిరిగి వచ్చేశారు. తండ్రీ కొడుకులు గుమ్మంలో చెప్పులు విప్పిన తీరులోనే ఏదో జరిగిందని తెలిసింది. బాబా నేరుగా పైకి పోయాడు. జాసిం వంటింట్లోకి వచ్చి తల్లి పక్కన కింద కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు. పొద్దు పూర్తిగా వాలిపోయాక, అవతలి వాలులో నిలబడ్డదాన్ని చూసి మేకపోతు అనుకుని బాబా కాల్చాడు. అది దారి చూపే మనిషి గుర్రం. జీను దించి, దాని పక్కనే రాతికి ఆనుకుని అతను కూర్చుని ఉన్నాడు.

"గుర్రం అక్కడికక్కడే పడిపోయింది. జానెడు ఇటైతే మనిషి" అన్నాడు జాసిం.

మామా నోటికి తలముసుగు చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆయనేమన్నాడు?"

"దుర్భిణిది ముందద్దం చిన్నది, మసక వెలుతురులో చూపించలేదు అన్నాడు. దారంతా అదే మాట."

బాబా నిజంగానే అలా నమ్మాడు. మనామాలో వేట సామాను అమ్మే దుకాణం ఒకటుండేది, యజమాని బాబాకి చిన్ననాటి స్నేహితుడు. పైగాలి వేడెక్కడం మొదలైన రోజుల్లో బాబా అక్కడికి పోయి, మూడు దుర్భిణులు చూసుకుని ఇస్తానని తెచ్చాడు. పొడుగు ఒకటే, చూపుని దగ్గరకి లాగే శక్తి ఒకటే. తేడా అంతా తుపాకీ గొట్టం వైపుండే ముందద్దంలోనే. ఒకదానిది నలభై మిల్లీమీటర్ల అడ్డుకొలత, ఒకదానిది యాభై, ఒకదానిది యాభై ఆరు. మూడోదాని మూతి చిన్నసైజు గరాటులా ఉండేది. ఎక్కువ అద్దముంటే ఎక్కువ వెలుగు పోగవుతుందని, పొద్దు వాలాక కూడా కాసేపు చూడొచ్చని ఆయన లెక్క. పెద్దదే తీసుకుందామని అప్పటికే మనసులో అనుకున్నాడు. కానీ దుకాణదారు ఒక మెలిక పెట్టి పంపాడట. దుర్భిణిని చేయి చాచి దూరంగా పట్టుకుని ఆకాశంకేసి చూస్తే, కన్ను పెట్టే వైపు అద్దంలో ఒక గుండ్రటి వెలుగుచుక్క కనపడుతుంది. పోగైన వెలుగంతా కంట్లోకి వచ్చేది ఆ చుక్కగానే. అది కంటిపాపకన్నా పెద్దదైతే మిగిలింది కంటి బయట ఒలికిపోయినట్టే. బాబా మూడింటినీ నా చేతికిచ్చి చూడమన్నాడు. నలభైదానిలో చుక్క కందిగింజంత, యాభై ఆరుదానిలో శనగగింజంత. "ఇంత చిన్న తేడాకి ఇంత బరువా బాబా?" అన్నాను. "ఆ తేడాలోనే ఉంటుంది బింతీ, వేటంతా" అన్నాడు. బింతీ అంటే నా బిడ్డా అన్నట్టు.

తుపాకీ లేకుండా దుర్భిణి చూడటం చెప్పు లేకుండా మేజోడు తొడగడం లాంటిదని ఆయనే అన్నాడు. అందుకని రాజన్నని పిలిపించాం. రాజన్నది జగిత్యాల పక్క ఊరు. మామీర్‌లో కూలీల క్యాంపులో ఉంటూ సెంట్రింగు వడ్రంగం చేసేవాడు. శుక్రవారం సెలవునాడు ముహర్రక్ వచ్చి తలుపులు, కిటికీలు బాగుచేసేవాడు. నన్ను చెల్లె అనేవాడు. తెలుగు మాట వినాలని నేను ప్రతి వారం ఏదో ఒక తలుపు పాడైందని మామాకి చెప్పేదాన్ని. ఆమెకి తెలుసు, నవ్వి ఊరుకునేది. రాజన్న ప్యాకింగు చెక్కతో తుపాకీ ఆకారం కోసి, చెంప ఆనే చోట నున్నగా చిత్రిక పట్టి, దుర్భిణి కూర్చోడానికి పైన కడియాలు బిగించాడు. పని చేస్తున్నంతసేపూ తనలో తనే నవ్వుకున్నాడు. వాళ్ళ ఊరివాళ్ళకి గల్ఫంతా దుబాయే.

"చెల్లె, నేను దుబాయికి అచ్చి తుపాకి జేస్తున్న అంటె మా ఊల్లె ఎవ్వడు నమ్మడు. గీ తుపాకి మంచిగున్నది. పేలది, ఎవ్వన్ని సంపది."

"ఊరుకో రాజన్నా, బాబా ఇక్కడే ఉన్నారు" అన్నాను.

"ఆయనకు నా మాట సమజ్ గాదు తియ్యి. గని ఆయన కండ్లు జూస్తున్నవా? నేను ఇనుప మొల చేతికిస్తె తడుముకుంటున్నడు."

ఆ మాట నేను విని వదిలేశాను. నాకప్పటికి ఇంకా ఆ కళ్ళంటే భయభక్తులు ఉండేవి. చెక్కతుపాకీ మీద పెద్ద అద్దం బిగించబోతే మరో ఇబ్బంది బయటపడింది. మూతి వెడల్పు కాబట్టి కింద గొట్టానికి తగలకుండా కడియాల ఎత్తు పెంచాలి. ఎత్తు పెంచితే చెంప చెక్కకి ఆనదు, మెడ సాచి చూడాలి. బాబా రెండు మూడుసార్లు తల అటూ ఇటూ చేసి, "కోడి నీళ్ళు తాగినట్టుంది" అని విసుక్కున్నాడు. అయినా దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మర్నాడు మామా నన్ను వంటింట్లో ఆపింది. రోకలి పక్కన పెట్టి, నిమ్మపొడి అంటిన చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది.

"సాయంత్రం డాబా మీదికి నిన్ను రమ్మంటాడు. తనకి కనపడింది నీకు కనపడిందో లేదో అడుగుతాడు. నువ్వు నిజం చెప్పు."

"నేనెందుకు అబద్ధం చెబుతాను మామా?"

"అందరం చెబుతున్నాం కాబట్టి. నేను చెబితే ఆడదాని భయం అంటాడు. జాసిం చెబితే ముసలాణ్ణి మంచంలో పడేద్దామనుకుంటున్నావా అంటాడు. వాడు నొచ్చుకుని, మీకు బాగానే కనపడుతోంది నాన్నా అనేస్తాడు. నీకు ఆయన చూపు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. నీ మాట వింటాడు." మణికట్టు వదలకుండానే, "మళ్ళీ వేటకి పోతే ఈసారి మనిషిని చంపుతాడు. లేదా తనే చస్తాడు. ఆయన్ని నాకు ఇంట్లో ఉంచు" అంది.

అలా ఆ వేసవి సాయంత్రాలు మొదలయ్యాయి. మగ్రిబ్ నమాజు కాగానే బాబా, నేను డాబా పిట్టగోడ దగ్గర కూర్చునేవాళ్ళం. పడవల యార్డు కాపలాదారు తన గుడిసె ముందు ఒక మేకని కట్టేసేవాడు. దూరం బాగానే ఉండేది. బాబా దాన్నే గుర్తుగా పెట్టుకున్నాడు. మేక ఉందని తెలియడం గొప్ప కాదు, దాని మొహం ఎటు ఉందో తెలియాలి, అది తెలియనివాడు మీట మీద వేలు వెయ్యకూడదు అనేవాడు. మొదట నలభైతో ఆయన చూసేవాడు, తర్వాత నేను. ఆ తర్వాత యాభై, ఆ తర్వాత పెద్దది. చీకటి పడేకొద్దీ మళ్ళీ మొదటి నుంచి.

నా కళ్ళకి అదొక వింతలా ఉండేది. ఉత్త కంటికి గుడిసే కనపడని వేళ, పెద్ద అద్దంలో మేక కొమ్ముల వంపు తెలిసేది. ముందు నలభైలో మసక కమ్మేది, ఆ తర్వాత యాభైలో, ఆఖరుకి పెద్దదానిలో. అలా ఒకదాని తర్వాత ఒకటి దీపాలార్పినట్టు ఉండేది. బాబాకి అలా కాదు. ఆయనకి మూడూ ఒకేసారి ఆరిపోయేవి. నా కళ్ళకింకా యాభైలోనూ, పెద్దదానిలోనూ మేక నెమరువేయడం కనపడుతుండగానే ఆయన కన్ను తీసేసి, "చీకటి పడింది" అనేవాడు. నేను ఆ మాటకి ఏమీ అనేదాన్ని కాదు. అడిగితే నిజం చెప్పమంది మామా. ఆయన అడగలేదు. కొన్ని సాయంత్రాలు అలాగే గడిచాయి. ఒకరోజు మాత్రం పెద్ద అద్దం లోంచి చూస్తూ, కన్ను తియ్యకుండా అడిగాడు.

"మొహం ఎటు ఉంది సత్యా?"

"సముద్రం వైపు బాబా."

"నాకు గోడ వైపు కనపడుతోంది." కన్ను నులుముకుని మళ్ళీ పెట్టాడు. "నలభైదివ్వు." అందులోనూ చూశాడు. "ఇందులోనూ అంతే కనపడుతోంది. తేడా లేదు. నీకుందా తేడా?"

ఒక్క మాట అబద్ధం చెబితే ఆయన సంతోషంగా కిందికి దిగి రొట్టె తింటాడని తెలుసు. గుర్రం పక్కన కూర్చున్న ఎవరో తెలియని మనిషి కూడా గుర్తొచ్చాడు.

"ఉంది బాబా. పెద్దదానిలో నాకు దాని చెవులు కూడా కనపడుతున్నాయి. చాలాసేపటి నుంచి మీకు తెలియనివి నాకు తెలుస్తున్నాయి."

ఆయన దుర్భిణిని ఒళ్ళో పెట్టుకుని, ముందద్దం మీద అరచెయ్యి మూశాడు. "అయితే ఇది అద్దం తప్పు కాదు" అన్నాడు. "నా కన్ను ఇంతకన్నా తెరుచుకోదు. గరాటు ఎంత పెద్దదైతే ఏం, సీసా మూతి ఇంతే." లేచి కిందికి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, నా తల మీద చెయ్యి పెట్టి, వేళ్ళతో నా నుదురు తడిమాడు. నేను ఏడుస్తున్నానో లేదో చూద్దామనుకున్నాడేమో. చీకట్లో ఆయనకి అది కూడా కనపడలేదు.

వేట మానేస్తాడని మామా మొక్కు చెల్లించుకుంది, పేదలకి అన్నం వండించి పంచింది. ఇల్లు తేలికపడింది. కానీ బాబా దుర్భిణులు తిరిగి ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత జాసింని డాబా మీదికి పిలిచాడు. నేను ఆరేసిన బట్టలు తీస్తున్నాను.

"ఈసారి నువ్వు పో. నేను రాను."

జాసిం నవ్వాడు, వేళాకోళం అనుకుని. కాదని తెలిశాక మొహం మారిపోయింది. "మీరు లేకుండా నాకెందుకు నాన్నా వేట? నేను వచ్చేదే మీతో గుడారంలో కూర్చోడానికి."

"గుర్రం పోగొట్టుకున్నవాడికి ఇంకో గుర్రం నా పేరు మీద ఇచ్చిరావాలి. అది నాకు బాకీ. తర్వాత, నీ కళ్ళతో చూసి వచ్చి నాకు చెప్పు. మొహం ఎటు ఉందో, కొమ్ములు ఎలా ఉన్నాయో అన్నీ చెప్పు. నాకది చాలు. ఇలా రా, నీకు సరిపోయే అద్దం చూద్దాం."

అలా ఆ సాయంత్రం ఆయన తన కోసం కాక కొడుకు కోసం అద్దం ఎంచాడు. ఎంత శ్రద్ధగా ఎంచాడని! పెళ్ళికొడుక్కి అంగీ కొలతలు తీస్తున్నట్టు ఉంది. చెక్కతుపాకీ భుజాన పెట్టించి, జాసిం చెంప చెక్కకి ఆనిందా లేదా అని వేలు దూర్చి చూశాడు. వెలుగు తగ్గాక కొడుకు గడ్డం పట్టుకుని మొహం ఆకాశం వైపు ఎత్తి, కంట్లోకి చూడబోయి, ఆగి, నన్ను పిలిచాడు.

"నువ్వు చూడు సత్యా. వాడి కంటిపాప ఎంతుంది?"

పెళ్ళికాని మగవాడి కంట్లోకి అలా చూడటానికి నాకు సిగ్గేసింది. జాసిం కనురెప్ప వెయ్యకుండా బొమ్మలా నిలబడి, పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. నల్లగా, తడిగా, విచ్చుకుని ఉంది కంటిపాప.

"శనగగింజంత, బాబా."

"చూశావా, వీడికి పెద్దదైనా ఒలికిపోదు" అన్నాడు బాబా గర్వంగా. జాసిం అయితే పెద్దదే ఇవ్వమన్నాడు. బాబా తల అడ్డంగా ఊపాడు. యాభై ఆరుదాన్ని కొండ ఎక్కేటప్పుడు మోస్తే సాయంత్రానికి చేతులు వణుకుతాయన్నాడు. కడియాలు ఎత్తుగా పెడితే చెంప ఆనదు, ఆనని చెంపతో గురి కుదరదు. అన్నిటికన్నా పెద్ద కారణం ఆఖర్న చెప్పాడు. "పెద్ద అద్దం నీకు ఇంకాస్త సాయంత్రాన్ని ఇస్తుంది. ఆ కాస్తా నీకొద్దు. ఆఖరి వెలుగులో కొట్టినదాన్ని చీకట్లో వెతుక్కోవాలి. వెతుకుతూ మనిషి లోయలో పడతాడు. యాభై తీసుకో. అది మసకబారగానే గుడారానికి వచ్చేయ్. అదే నీకు గంట కొట్టినట్టు." జాసిం సరేనని తండ్రి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. మామాకి ఈ సంగతి భోజనాల దగ్గర తెలిసింది. గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుర్రవాడు, కళ్ళు బాగున్నవాడు, భయమెందుకు అని బాబా అంటే, ఇన్షా అల్లా అని మాత్రం అంది.

చలికాలం వచ్చాక జాసిం వెళ్ళాడు. రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి గుర్రం ఇచ్చేశానని, ఆ మనిషి బాబాకి సలాం చెప్పమన్నాడని. రెండోసారి ఫోను బాబా చెవి దగ్గర పెట్టుకుని, మొహమంతా వెలిగిపోతూ, వింటూ, "ఎటు చూస్తోంది? ఆఁ, తర్వాత? మసకబారిందా? మంచిపని చేశావు" అన్నాడు. ఫోను పెట్టేసి మాతో చెప్పాడు. పెద్ద పోతు కనపడిందట, కానీ వెలుగు చాలక వదిలేసి వచ్చేశాడట. "నా కొడుకు" అన్నాడు. ఆ పూట ఆయన సరిసంఖ్యో బేసిసంఖ్యో చూసుకోకుండా ఖర్జూరాలు తిన్నాడు.

ఆ తర్వాత ఫోను రాలేదు. జాసిం వాళ్ళు కొండ దిగి వస్తుండగా మంచు జారి రోడ్డు మీద పడిందని, జీపుని లోయలోకి తోసుకుపోయిందని హుదా భర్త వచ్చి చెప్పాడు. పట్టపగలే. ఎండలో. తుపాకీకీ, దుర్భిణికీ, సాయంత్రానికీ దానితో ఏ సంబంధమూ లేదు. బాబా తనకి తెలిసిన ప్రమాదాలన్నిటి నుంచీ కొడుకుని కాపాడి పంపాడు. వచ్చింది తెలియనిది. మంచు కరిగేదాకా జాసిం దొరకలేదు. దొరికాక ఆ ఊరివాళ్ళే అక్కడి నేలలో అతన్ని మన్ను చేశారు. హుదా భర్త వెళ్ళి నిలబడి వచ్చాడు. తల్లిదండ్రులిద్దరూ కొడుకు సమాధిని చూడలేదు.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. రాజన్న ఒక శుక్రవారం వచ్చి, ఎవరూ అడక్కుండానే డాబా మీది చెక్కతుపాకీ కడియాలు ఊడదీసి, చెక్కని చిన్నచిన్న ముక్కలుగా కోసి సంచిలో వేసుకుపోయాడు. మెట్ల దగ్గర నేను అతన్ని ఆపి, "రాజన్నా, నేను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే బాబానే వెళ్ళేవారు కదా. ఇద్దరూ వెళ్ళేవారు. నేను చెప్పబట్టేగా ఇదంతా?" అని అడిగాను.

"ఇద్దరు వోతుండిరి. ఇద్దరు సస్తుండిరి గావచ్చు. లేకుంటె ఎవ్వరు సావకపోతుండిరి. గది ఎవలకెరుక చెల్లె?" అన్నాడు. "నువ్వు జూసింది నువ్వు జెప్పినవ్. కొండమీద మంచును నువ్వు జూడలేదు గద."

మామా నాతో పనిమాటలు తప్ప మాట్లాడటం మానేసింది. కోపం కాదు, అలాగని ప్రేమా కాదు. నేను గదిలోకి వస్తే కళ్ళు పక్కకి తిప్పుకునేది. ఇంకో ఇల్లు చూసుకుందామని నేను అనుకుంటున్న రోజుల్లో, చాలా కాలానికి మళ్ళీ రోకలి చప్పుడు వినపడింది. వెళ్ళి చూస్తే పీట మీద కూర్చుని నిమ్మకాయలు దంచుతోంది. నన్ను చూడకుండానే అంది.

"ఎక్కడికీ పోకు. నీ తప్పు కాదు. దేవుణ్ణి ఇద్దర్నీ ఇమ్మని అడిగాను. నిన్ను ఆయన ఒక్కణ్ణే ఇమ్మని అడిగాను. నువ్వు నాకు ఇచ్చావు."

అంతే. మళ్ళీ జీవితంలో ఆ సంగతి ఎత్తలేదు.

కొన్నాళ్ళకి బాబా గోడలు తడుముకుని నడవడం చూసి హుదా బలవంతంగా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వయసుతో కంటిపాప బిగుసుకుపోవడం ఒకటైతే, లోపల పొర కూడా కమ్మిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషను చేసి ఆ పొర తీసి కొత్త అద్దం పెట్టారు. కట్టు విప్పిన రోజు బాబా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే కార్ల నంబర్లు చదివాడు. ఎదురింటి గోడ పగులు చూశాడు. మామా మొహం చూసి, "ముసలిదానివైపోయావు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లిగా, "ఇది ముందే చేయించుకుని ఉంటే?" అన్నాడు. తుపాకీ అద్దం కోసం ఒక వేసవంతా వెతికిన ఇంట్లో, కంటిలోని అద్దం సంగతి ఒక్కరికీ తోచలేదు. ఆయన ఆ తర్వాత చాలాకాలం బతికాడు, చివరిదాకా చూపు బాగానే ఉంది. కానీ డాబా ఎక్కలేదు. సాయంత్రమైతే మజ్లిస్‌లో గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

ఇప్పుడు నేను పనిచేసే ఫ్లాట్లలో ఒకతను వేటకి పోతాడు. అతని దుర్భిణి చీకట్లో ప్రాణుల ఒంటి వేడిని చూపిస్తుందట, దూరం తనే కొలుస్తుందట. ముందద్దం ఎంత అని ఒకసారి అడిగితే అతనికి తెలియదు, డబ్బా మీద రాసి ఉంటుంది చూడమన్నాడు. మంచిదే. ఒకరి కంటిలోకి ఒకరు చూడాల్సిన పని లేదు. పనికి వెళ్ళే ఇళ్ళల్లో ఇప్పుడు మేము కూడా అలాగే ఉన్నాం. గంటలకి వెళ్తాం, తాళం ఎక్కడుందో ఫోనులో సందేశం వస్తుంది, మనిషి మొహం చూడకుండానే పని ముగించి ఖలాస్ అని తిరిగి వస్తాం. ఎవరి నిజాలూ ఎవరికీ చెప్పే అవసరం రాదు. ఆ రోజుల్లో నా కష్టం తక్కువేమీ కాదు. అయినా ఒక ఇల్లు నన్ను తన కళ్ళుగా వాడుకుంది. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు, దిగాలని కూడా లేదు.

బాబా పోయాక మామా ప్రతి శుక్రవారం శ్మశానానికి వెళ్ళేది. నేను నీళ్ళ సీసాలు మోసుకుంటూ వెంట వెళ్ళేదాన్ని. మట్టి సమాధి మీద నీళ్ళు చల్లి, పెదవులు కదుపుతూ కూర్చుని, లేచేముందు మిగిలిన నీళ్ళని పక్కనున్న ఖాళీ నేల మీద పోసేది. ఎందుకని నేనడగలేదు. కొన్నాళ్ళకి ఆ ఖాళీలో ఎవరినో పూడ్చారు. తలదగ్గర ఉత్త రాయి తప్ప పేరు కూడా లేదు. ఆ శుక్రవారం మామా దాని ముందు ఆగింది. తర్వాత సీసా మూత తీసి, ఎప్పటిలాగే, ఆ కొత్త మట్టి అంతా తడిసేదాకా పోసింది.

"ఎవరో పరాయి మనిషి మామా" అన్నాను.

"తెలుసు" అంది, ఖాళీ సీసా నా చేతికిస్తూ. "ఆ మంచుకొండల్లో నా వాడి మీద కూడా ఎవరో ఒక పరాయి తల్లి పోస్తూ ఉంటుందిలే."